గంజి పెట్టని చీర

“చీరకు గంజి పెట్టినవా?”

“ఛాన్స్ దొరకలేదక్కా.”

“ఏం దొరకలే?”

“ఛాన్స్. నువ్వే చెప్తివి కద, ఇంగ్లీషోళ్లు గట్లనే అంటరని.”

“నేను చెప్పింది నాకే తిప్పి చెప్తానవానే? మూడు దినాల ముసురు ఇడిసి ఇయ్యాల ఎండ కాసె. రేపు నేనేం కట్టుకొని పోవాలె? నీ ఛాన్స్ కట్టుకొని పోవాల్నా?”

“మరి గంత ఒర్రుతవేంది? చెయ్యనన్ననా? దొరకలేదన్న.”

నా చిన్నప్పుడు, వరంగల్‌లో మా నేతగాళ్ల వాడలో, పక్కింటి అక్కకూ నాకూ జరిగిన తగాదా ఇది. నాకు పదేళ్లు. నాలుగో తరగతితో బడి మానేసి ఇంట్లో నేతకు నూలు కండెలు చుడుతున్నాను. మా తాతయ్య మగ్గం మీద జంపఖానాలు నేసేవాడు. ఆయన మగ్గం కింది గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చుని, మా ఇద్దరి అరుపులూ వింటూ అడ్డదారం నడిపే నాడె ఆపకుండా పని చేసుకుంటున్నాడు.

అక్క డిగ్రీ పాసైంది. మా వాడలో ఆడపిల్లల్లో ఆమే మొదటిది. మర్నాడు హనుమకొండలో ఒక బడిలో టీచరు పని ఇంటర్వ్యూకు ఆమెను పిలిచారు. ఇంగ్లీషులో మాట్లాడమంటారని నెల రోజుల నుంచి గోడకు ఆనుకుని ఒకే రకం వాక్యాలు వల్లె వేస్తోంది. నేను కండెలు చుడుతూ వినేదాన్ని. అన్నింటిలోనూ ఛాన్స్ అనో ఆపర్చునిటీ అనో ఉండేది. ఇంగ్లీషు వాళ్లకు అవకాశం ఒక వస్తువులాంటిదని చెప్పేది అక్క. వాళ్లు దాన్ని ఇస్తారట, తీసుకుంటారట, పోగొట్టుకుంటారట. ఇచ్చినవాళ్లకు థాంక్యూ చెప్పాలట. చెయ్యాల్సిన పని చెయ్యకపోతే, చెయ్యలేదని మొహం మీద అనరట, ఛాన్స్ దొరకలేదంటారట. వినేవాడికీ బాధ ఉండదు, అనేవాడికీ తల దించుకునే పని ఉండదు.

మిగతావన్నీ నా చెవిలో నుంచి జారిపోయాయి. ఇదొక్కటి మాత్రం పట్టుకుంది. అబద్ధం కాదు, తప్పు ఒప్పుకున్నట్టూ కాదు. పైసా ఖర్చు లేకుండా దెబ్బలు తప్పించే మాట. వారం రోజులుగా మా అమ్మ మీద వాడుతున్నాను. నీళ్లు తేలేదేమే అంటే ఛాన్స్ దొరకలేదు. గిన్నెలు తోమలేదేమే అంటే ఛాన్స్ దొరకలేదు. ఆ మాటకు అర్థం తెలియక మా అమ్మ ఊరుకునేది.

అక్కకు మంచి చీర ఒక్కటే. నీలం అంచు ఉన్న తెల్ల నూలు చీర. సర్టిఫికెట్ల పని మీద బయటికి పోతూ పొద్దున్నే అది నా చేతిలో పెట్టింది. వాళ్లమ్మకు జ్వరం. గంజి సంగతి నేతగాళ్ల పిల్లకు చెప్పాల్సిన పని లేదు కనుక ఒక్క మాటే అంది, ఎండ ఉన్నప్పుడే ఆరెయ్యమని. చీర ఎక్కడ పెట్టానో అక్కడే ఉంది. సాయంత్రమైంది, మళ్లీ మబ్బు పట్టింది.

అక్క ఏడుపు మింగుకుంటూ గడప మీద కూర్చుంది. అప్పుడు నాడె ఆగింది.

“ఏందే బిడ్డా, దొరకలేదంటానవు? ఏం పోయింది?” అన్నాడు తాతయ్య.

“ఛాన్స్ తాతా. అంటే అవకాశం” అన్నాను, పెద్ద చదువు చదివినట్టు.

“అవ్వా! పోయిందా? మరి ఎతుకకపోతివి? పొద్దుగాల నుంచి నువ్వు ఏడేడ కూసున్నవో ఆడల్ల చూసి రాపో. దొరికితే తీస్కరా. దొరకకపోతే అక్కకు నేను చెప్త.”

తిట్టలేదు. నవ్వనూ లేదు. నిజంగానే ఒక వస్తువు పోయినట్టు చెప్పాడు. నేను మొండిదాన్ని, ఇప్పటికీ అంతే. సరే చూద్దామని లేచాను.

మొదట పక్క సందుకు పోయాను. బండ మీద బొగ్గుతో గీసిన తొక్కుడు బిళ్ల గళ్లు ఇంకా ఉన్నాయి. మధ్యాహ్నం ఎండ ఆ బండ మీదే కాసింది, అరికాళ్లు కాలుతున్నాయని నేనే గంతులు వేశాను. అక్కడి నుంచి గోడ దగ్గరికి పోయాను. నేను తిన్న పల్లికాయల పొట్టు కుప్పగా ఉంది. ఆ కుప్పను చూస్తే ఎంతసేపు కూర్చున్నానో ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆఖరికి ఇంటి వెనక్కి వచ్చాను. పొయ్యి పక్కన మూత పెట్టిన కుండ ఉంది. గంజి పారబోసే ఇల్లు కాదు మాది. అక్క చీర కోసం అమ్మ పొద్దున్నే వంచి పెట్టిన గంజి అది. మూత తీశాను. మీద మీగడ కట్టింది. ఎవరూ ముట్టలేదు కాబట్టి ఆ మీగడ ఎక్కడా చిరగలేదు.

ఎందుకో అది చూశాక నాకు ఏడుపొచ్చింది. కుండ పట్టుకుని తాతయ్య దగ్గరికి వచ్చాను.

“దొరికిందా?”

“దొరికింది.”

“ఏడున్నది?”

“ఇంట్లనే ఉన్నది తాతా. పొద్దంత గీడనే ఉన్నది.”

“మరి అక్కకు చెప్పు.”

“నేనే పెట్టలే అక్కా. ఆడుకున్న.”

అక్క ముక్కు తుడుచుకుని, “గీ మాట ముందుగాలనే అంటే నీ నోరు పడిపోవునా?” అంది. కానీ కుండ అందుకుంది.

తాతయ్య మా వాడ వంతుల సంగతి ఎత్తాడు. మా సందు ఇరుకు. నేతకు ముందు పడుగు అనే నిలువు దారాలను వీధి పొడుగునా కర్రలకు సాగదీసి గంజి పట్టించాలి. రోజుకు ఒక్క ఇంటికే చోటుంటుంది కనుక వంతులుంటాయి. ముసురు వల్ల ఆగి ఆగి ఆ మర్నాడు మా వంతు వచ్చింది. “వంతు వచ్చిన్నాడు లేవకపోతే వంతు పాయె అంటం. దొరకలే అనం” అన్నాడు. తర్వాత, అది చిన్న విషయమన్నట్టు, “రేపు పొద్దుగాల మన కర్రల మీద ముందు చీర ఎక్కిస్త. పడుగు ఎన్కకు” అన్నాడు. మా అమ్మ తలెత్తి మబ్బు వైపు చూసింది. ఆలస్యమై మళ్లీ వాన వస్తే పడుగు ఏమవుతుందో నాతో సహా అందరికీ తెలుసు.

ఇప్పుడు మా మనవరాలు ఫోనులో ఆఫీసు వాళ్లతో మాట్లాడుతూ రోజుకు పదిసార్లు ఛాన్స్ దొరకలేదంటుంది. అది వాళ్ల మర్యాద, నేను కాదనను. ఇంట్లో నాతో అన్నప్పుడు మాత్రం, పోయి వెతికి రమ్మంటాను. మొదట్లో నవ్వేది. ఈ మధ్య లేచి పోతోంది.

ఆ తగాదా జరిగిన మర్నాడు కోడి కూయకముందే లేచాం. వాన లేదు, గాలి ఉంది. తాతయ్య వీధిలో కర్రలు పాతి, చీరను పడుగు లాగినట్టే లాగి కట్టాడు. వేడి చేసి పలచన చేసిన గంజిని కుంచెతో ఈ కొస నుంచి ఆ కొస దాకా తాను ఒక పక్క, నేను ఒక పక్క పట్టించాం. ఆ గాలికి తెల్లారేసరికి ఆరింది. ఇస్త్రీ అక్కర్లేకుండా కాగితంలా నిలబడింది. అక్క అది కట్టుకుని, మా తాతయ్య కాళ్లకు దండం పెట్టి, నా చెవి ఒకసారి మెలిపెట్టి బస్సుకు పోయింది.

అప్పుడు పడుగు ఎక్కించాం. సగం గంజి పట్టిందో లేదో, చినుకులు మొదలయ్యాయి. అప్పటికి అక్క హనుమకొండలో దిగే ఉంటుంది. పడుగును చుట్టి లోపలికి తెచ్చేలోపు దారాలు తడిసి ఒకదానికొకటి అంటుకున్నాయి. విడదీస్తుంటే తెగాయి. తాతయ్య దీపం దగ్గరికి జరిగి, తెగిన రెండు కొసలు బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి ఎలా మెలెయ్యాలో చూపించాడు. ఆ ముసురు పొద్దంతా ఆయన పక్కన కూర్చుని తెగిన దారాలు అతికాను. ఇప్పటికీ ఏదైనా పని వాయిదా వేద్దామనుకున్న రోజున నా ఆ రెండు వేళ్లూ వాటంతటవే మెలిక తిప్పుతాయి. అప్పుడిక లేచి, ఆ పని చేసి వస్తాను.