ఇటలీలో తొక్కితే ముద్దు, కోరుట్లలో తొక్కితే తప్పా?

కిందటి నెల ఇటలీలో పది రోజులు సైకిలు మీద తిరిగాను. కొండ మీద ఒక పాత ఊరు, అది దిగితే మళ్లీ ఇంకో కొండ ఎక్కడమే. ఆ ఫోటోలు మా చుట్టాలందరికీ నచ్చాయి.

ఈ రోజు పొద్దున కోరుట్ల నుంచి జగిత్యాలకు సైకిలు మీద బయలుదేరితే, బస్టాండు దగ్గర మా ఆయన వాళ్లన్న ఆపారు.

“ఏందమ్మా గిది, యాభై ఏండ్ల మనిషివి. ఇటలీల అంటే మనల్ని ఎవలు ఎరుగరు. గీడ అందరు చూస్తరు.”

“చూడనియ్యుండ్రి బావా. గా కొండల మీద సైకిల్ దిగి నూక్కుంట పోయిన గని వాపస్ రాలే. గీడ ఎందుకు వాపస్ వస్త?”

బావ బస్సెక్కారు.

జగిత్యాల చేరేసరికి కాళ్లు పీకాయి. అయినా తిరిగి తొక్కుకుంటూనే వచ్చాను. ఆదివారం మళ్లీ వెళ్తున్నాను. చూసేవాళ్లు రోడ్డు పక్కన నిలబడి చూడండి. తొక్కాలని ఉన్న ఆడవాళ్లు మాత్రం కింద పేరు రాయండి.