గడ్డానికి అందని కర్రలు

గోల్ఫ్ మైదానంలో నా వంతు కోసం ఆగినప్పుడల్లా, మడకశిర బస్సులో నా పక్కన కూర్చున్న గొర్రెల కాపరి గుర్తొస్తాడు. పేరు అడగలేదు.

ఆరోజు నా కాళ్ల మధ్య కొత్త గోల్ఫ్ బ్యాగు ఉంది. నేర్చుకునేవాళ్లకు పొట్టి కర్రలే నయమని, పొడుగుది తర్వాత కొనుక్కోమని షాపువాడు చెప్పాడు.

"ఏమప్పా ఇవి?" అన్నాడు కాపరి.

బంతిని కొట్టే కర్రలని చెప్పాను. ఆయన లేచి, ఊగే బస్సులోనే ఒక్కొక్కటీ తీసి తన పక్కన నిలబెట్టి చూశాడు. ఏదీ నడుము దాటలేదు. ఆయన కర్ర గడ్డం దాకా ఉంది.

"ఒగటీ గడ్డానికి రాదే! మోసపోయినావప్పా."

"కొట్టడానికి ఈ పొడవు చాలంట," అన్నాను.

"కొట్టేది ఎంతసేపప్పా? పొద్దంతా ఆనుకోని నిలబడేదే కదా."

గొర్రెలెన్ని ఉన్నాయని అడిగాను.

"మేత యాడుండాది? పొద్దున సంతలో అన్నీ అమ్మేస్తి," అని తన కర్ర తీసుకుని తర్వాతి స్టాపులో దిగిపోయాడు.

బస్సు కదిలాక వెనక్కి చూశాను. రోడ్డు పక్కనే, కర్ర మీద రెండు చేతులూ, చేతుల మీద గడ్డం ఆనించి నిలబడ్డాడు. ఎదురుగా బీడు తప్ప ఏమీ లేదు.