జ్వరాల ఇళ్ళకు తిరిగిన మా సుభద్రక్క

నిన్న పొద్దున ఆరు గంటలకు బావ ఫోన్ చేశాడు.

"మీ అక్క పోయిందప్పా."

తర్వాత ఆయన ఏమన్నాడో నాకు వినపడలేదు.

అప్పటి నుంచి ఒకచోట కుదురుగా ఉండలేకపోతున్నాను. బెంగళూరు నుంచి బస్సులో సీటు ఖాళీగా ఉన్నా అనంతపురం దాకా నిలబడే వచ్చాను.

సుభద్రక్క మా పెదనాన్న కూతురు. అనంతపురం జిల్లా యాడికి ఊరి దగ్గర పల్లెల్లో ఏఎన్ఎం, అంటే ఇళ్ళకు తిరిగే సర్కారు నర్సు. వయసు ముప్పై నాలుగేళ్ళు.

స్వైన్ ఫ్లూ, ఈ 2009లో కొత్తగా వచ్చిన జబ్బు.

నెల క్రితం బెంగళూరు కూలికి పోయిన ఒక జంట జ్వరంతో అక్క తిరిగే ఒక ఊరికొచ్చింది. భార్య ఆరు నెలల గర్భిణి. ఊరివాళ్ళు వాళ్ళను కొళాయి దగ్గరికి రానివ్వలేదు. ఏ ఆటోవాడూ ఎక్కించుకోలేదు.

అక్క రెండు బిందెలు పట్టి తీసుకెళ్ళి వాళ్ళ గడపలో పెట్టింది. జనం గుమిగూడితే గట్టిగానే అడిగిందట.

"ఏమప్పా, నీళ్ళియ్యకుంటే జబ్బు పోతాదా? దగ్గితే గుడ్డ అడ్డం పెట్టుకోండి. చేతులు కడుక్కోండి. నీళ్ళు ఆపితే మాత్రం నేనూరుకోను."

దగ్గరున్న ఒక్క మాస్క్ ఆ గర్భిణి పిల్లకు కట్టి, అంబులెన్స్ వచ్చేదాకా పక్కనే కూర్చుంది.

ఆ పిల్ల బతికింది. "బిడ్డ గుండె బాగా కొట్టుకుంటాండాదంటరా!" అని ఫోన్లో నాకు చెప్పి ఎంత సంబరపడిందో.

తర్వాత ఆ ఊళ్ళో జ్వరాలు పెరిగాయి. అక్క రోజూ ఇల్లిల్లూ తిరిగింది. రెండు వారాల క్రితం మాట్లాడుతుంటే ఒకటే దగ్గు.

"ఎండకు తిరిగినాను లేరా. ఇంకా ఆరిళ్ళు ఉండాయి."

సరే అక్కా, మీటింగ్ ఉంది అని పెట్టేశాను.

పెట్టేశాను.

జ్వరమొస్తే మొదటిరోజే రమ్మని అందరికీ చెప్పిన మనిషి తను నాలుగు రోజులు ఆగింది. మాత్రలు మొదలుపెట్టేసరికి ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి.

అదే ఇంట్లో డెబ్భై ఏళ్ళ వాళ్ళత్తకూ జ్వరమొచ్చింది. మూడు రోజుల్లో లేచి కూర్చుంది. ఎందుకిలా అని డాక్టర్‌ని అడిగాను. చిన్నప్పుడెప్పుడో ఇలాంటి వైరస్ తగిలి ఉంటే పెద్దవాళ్ళ ఒంట్లో కొంత ఇమ్యూనిటీ మిగిలి ఉండొచ్చట. వయసులో ఉన్నవాళ్ళకు ఇది పూర్తిగా కొత్త. వ్యాక్సిన్ ఇంకా మన దాకా రాలేదు.

అర్థమైంది. అయినా అడుగుతూనే ఉన్నాను, కనబడ్డ ప్రతివాళ్ళనీ.

"నాకొచ్చిన జరమే గదప్పా దానికీ వచ్చింది" అంటూ ఆ ముసలామె నా చెయ్యి వదల్లేదు.

నిన్న సాయంత్రం పాడె దగ్గర బావ, ఆయన తమ్ముడు, నేను. నాలుగో మనిషి లేడు. జనమంతా దూరంగా చేను గట్టు మీద నిలబడ్డారు. భయం. తిట్టలేను.

అక్కతో కలిసి ఇళ్ళు తిరిగిన మాబున్ని అనే ఆశా వర్కర్ కొంగు బిగించి ముందుకొచ్చింది.

"నేను పడతా. పదండన్నా."

ఎవరూ అడ్డు చెప్పలేదు.

ఇది చదివేవాళ్ళకు ఒక్క మాట. జ్వరంతో ఆయాసం ఉంటే ఆగకండి. ఆ రోజే ఆసుపత్రికి పోండి.

అక్కా, చివరి రెండు రోజులు ఊపిరి కోసం చాలా కష్టపడ్డావు. ఇక చాలు. నెమ్మదిగా పడుకో.