అద్దాలాయన జెండా

ఆదివారం ఆట ఇంకో రెండు నిమిషాల్లో ముగుస్తుందనగా అద్దాలాయన జెండా ఎత్తాడు. ఆ క్షణం నుంచి గురువారం పొద్దున దాకా ఆయనకు మనశ్శాంతి లేదు.

అద్దాలాయన కళ్ళజోళ్ళకు అద్దాలు అరగదీసే మనిషి. కంటి డాక్టరమ్మ ఆసుపత్రికి సరిగ్గా ఎదురుగా, రెండు మంచాలు వేస్తే నిండిపోయేంత కొట్టు. లోపల నీళ్ళు చుక్కచుక్కగా పడే సానరాయి, గోడనిండా ఖాళీ ఫ్రేములు. డాక్టరమ్మ చీటీ రాసి మనిషిని రోడ్డు దాటిస్తే, ఈయన అద్దం మీద మూడు సిరాచుక్కలు పెట్టి, ఆ చుక్కల వరసను ఫ్రేముకు సరిచూసుకుని, అంచులు సానపట్టి బిగిస్తాడు. చుక్క వెంట్రుకవాసి జరిగిందా, ఆ జోడు పెట్టుకున్నవాడు లేని మెట్టు దిగబోయి పడతాడు. ముప్పై ఏళ్ళలో ఫిర్యాదుతో తిరిగొచ్చినవాళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టేంతమంది. వాళ్ళలోనూ ఒకాయన పొరపాటున మామగారి జోడు పెట్టుకుని వచ్చాడని తర్వాత తేలింది.

ఆదివారాలు మాత్రం ఆయన ఊళ్ళో జరిగే ఫుట్‌బాల్ పోటీలకు లైన్స్‌మన్. జెండా పట్టుకుని మైదానం అంచుగీత వెంట పరుగెత్తడం, బంతి బయటికి పోయిందా, ఎవడైనా ఆఫ్‌సైడ్‌లో ఉన్నాడా అని చూడడం. ఊరందరికీ చూపు అమ్మేవాడి కంటే నమ్మకస్తుడు ఎవడుంటాడని పంతొమ్మిదేళ్ళ క్రితం ఎవరో సరదాకి అప్పజెప్పిన పని, అలాగే నిలిచిపోయింది. ప్రతిఫలం విరామంలో ఒక టీ, ఆట అయ్యాక ఓడినవాళ్ళ తిట్లు.

రాజ్యాలు పోయిన యుద్ధాల్లో సైతం తప్పెవరిదో రెండు తరాల్లో తేలిపోతుంది. ఆఫ్‌సైడ్ తగువు మాత్రం మునిమనవల దాకా నడుస్తుంది. పెద్ద పెద్ద స్టేడియాలున్న నగరాల్లోనూ అంతే, రెండు వెదురుబొంగులు పాతి గోల్ అనుకునే పల్లెల్లోనూ అంతే. నిజానికి నియమం చిన్నది. మనవాడు మనవాడికి బంతి అందించే క్షణంలో, అందుకునేవాడు, గోల్‌కీపరును పక్కన పెడితే, అవతలి జట్టు చివరి మనిషిని దాటి ముందే వెళ్ళి కాచుకుని ఉండకూడదు. ఇంతే సంగతి. ఈ ఇంతకే అన్నదమ్ములు మాటలు మానేసిన ఇళ్ళున్నాయి.

ఆదివారం ఆట చెరొక గోలుతో సమానంగా ఉంది. మన ఊరి తొమ్మిదో నంబరు ఆటగాడు అవతలి అంచున బంతి అందుకుని, ఒక్క ఊపున వలలోకి కొట్టాడు. జనం లేచి అరుస్తుండగా ఇటువైపు అద్దాలాయన జెండా లేచింది. రిఫరీ ఆ గోలు చెల్లదన్నాడు. ఆట సమానంగానే ముగిసింది.

ఆ తొమ్మిదో నంబరు ఎవరో కాదు, అద్దాలాయన భార్యకు సొంత తమ్ముడు. వెల్డింగు షెడ్డులో పని. వరసగా పదకొండు ఆటలుగా అతని కాలికి గోలు దక్కలేదు. కాలికి తుప్పు పట్టిందని, తన షెడ్డులోనే వెల్డింగు పెట్టించుకోవచ్చు కదా అని జనం ఎకసెక్కాలు. పన్నెండో ఆటలో పడిన ఒక్క గోలునూ బావే చెల్లకుండా చేశాడు. దాయాది చావు కోరితే బావమరిది బతుకు కోరతాడంటారు. బావ ఏం కోరతాడో ఆ సామెత చెప్పినవాడు చెప్పలేదు.

సోమవారం కొట్టు తెరిచేసరికే సభ కూడింది. ఒక పక్క బస్సు కండక్టరు, ఇంకో పక్క రిటైరైన లెక్కల మాస్టారు, నడుమ ఇటు కాసేపు అటు కాసేపు మొగ్గే నలుగురైదుగురు. అది ముమ్మాటికీ గోలేనని కండక్టరు వాదన. బావమరిది మీద పక్షపాతమన్న మాట ఎక్కడ వస్తుందోనని ఈయన భయపడి ముందే జెండా ఎత్తేశాడని, నిజాయితీ చూపించుకోవడానికి ఇంట్లో మనిషి గొంతు కోశాడని అతను తేల్చేశాడు. పదకొండు ఆటలుగా గోలు లేనివాడు ఎక్కడ నిలబడాలో మరిచిపోతాడని, ఆడలేక మద్దెల ఓడన్నట్టు జెండాను తిడితే లాభం లేదని మాస్టారు. ఆటగాడికి కాలం కలిసిరాకపోవడం వేరు, కాలు పోవడం వేరని కండక్టరు. పరుగు ఎప్పుడు మొదలెట్టాలో తెలియకపోతే ఆ రెండూ ఒకటేనని మాస్టారు.

బల్లమీది ఫ్రేములే ఆటగాళ్ళయ్యాయి. నల్ల ఫ్రేములు మనవాళ్ళు, బంగారురంగువి అవతలివాళ్ళు, కళ్ళజోడు డబ్బా గోల్‌కీపరు. కండక్టరు వెనక్కి జరిపిన నల్ల ఫ్రేమును మాస్టారు ముందుకు జరిపేవాడు. ఈ లోపల చీటీ పట్టుకొచ్చిన ఒక పెద్దావిడ గోల్‌కీపరును తీసి తన జోడు అందులో పెట్టుకుని వెళ్ళిపోయింది. ఆ తర్వాత పావుగంట సేపు గోలు కాపలా లేకుండానే వాదం సాగింది.

చివరికి మాస్టారు తన అసలు ఆయుధం తీశాడు. తొమ్మిదో నంబరుకు బంతి అందిస్తున్న క్షణంలోనే పక్క మేడ మీదనుంచి ఎవరో సెల్‌ఫోనులో తీసిన ఫోటో. మైదానంలో గడ్డిని యంత్రంతో అడ్డంగా కోస్తారు. వెళ్ళేటప్పుడు ఒక చార లేత రంగులో, వచ్చేటప్పుడు పక్క చార ముదురు రంగులో, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా చీర మీది చారల్లా పడతాయి. అవి గోలుగీతకు సమాంతరంగా ఉంటాయని అందరికీ తెలుసు. ఫోటోలో ఇటుపక్క అవతలి జట్టు చివరి మనిషి ముదురుచార అంచున ఉన్నాడు. అటుపక్క తొమ్మిదో నంబరు అదే అంచును అడుగున్నర దాటి ఉన్నాడు.

"గడ్డికి పక్షపాతం ఉంటుందా, చెప్పవయ్యా," అన్నాడు మాస్టారు. కండక్టరు నల్ల ఫ్రేమును తనే ముందుకు జరిపాడు. సభ అద్దాలాయన వైపు తిరిగి, నీ కన్ను కన్నే అంది.

అద్దాలాయనకు మాత్రం ఆ మాటతోనే అసలు భయం పట్టుకుంది.

ఎందుకంటే ఆయన కన్ను ఆ మాట చెప్పలేదు. జెండా ఎత్తేముందు రెప్పపాటులో ఆయన చూసింది వేరు. బావమరిది వరసలోనే ఉన్నాడు, కాదంటే అర అడుగు వెనకే. కానీ గడ్డి చార ఆఫ్‌సైడ్ అంటోంది. పంతొమ్మిదేళ్ళుగా ఆయన పద్ధతి అదే. తను చివరి మనిషికి సూటిగా నిలబడి, చార అంచును దారంలా పట్టుకుని అవతలి అంచు దాకా చూపు పోనిస్తాడు. మూడు వారాలుగా ఆ దారం ఆయనకు వంకరగా కనబడుతోంది. చారకూ గోలుగీతకూ పొత్తు కుదరడం లేదు. వంకర గడ్డిలో ఉంటుందని ఆయనకు తోచనే లేదు. కంట్లో ఉందనుకున్నాడు. అందుకే ఆదివారం తన కన్నును కాదని, చారను నమ్మి జెండా ఎత్తాడు.

అలా అనుకోవడానికి కారణం ఉంది. వాళ్ళ నాన్నదీ ఇదే పని, ఇదే కొట్టు. యాభై నాలుగో ఏట ఒక పొద్దున ఆయన, "ద్వారబంధం వంకర పోయిందిరా, వడ్రంగిని పిలువు," అన్నాడు. వడ్రంగి వచ్చి, తూకం దారం వేలాడదీసి చూసి, నిటారుగా ఉంది కదండీ అన్నాడు. నాన్న అతనికి కూలి ఇచ్చి పంపేశాడు. ఏడాది తిరిగేసరికి ఎదురుగా కూర్చున్న కొడుకు ముఖం నడిమధ్యన ఆయనకు మసకమచ్చ తప్ప ఏమీ కనబడలేదు. కంటి వెనక పొర చెడితే మొదట తిన్నని గీతలు వంగుతాయని తర్వాత తెలిసింది. అద్దాలాయనకు ఇప్పుడు యాభై నాలుగు.

అందుకని మూడు వారాలుగా ఆయన ఇంట్లో ద్వారబంధం వైపు చూడడం మానేశాడు. తల వంచుకుని లోపలికి, తల వంచుకుని బయటికి. చూడకపోతే లేనట్టే కదా అన్న లెక్క. కొట్లో చుక్కలు తిన్నగానే కనబడుతున్నాయి, నిజమే. కానీ నాన్నకూ దగ్గరివి చివర్లో కదా పోయాయి. ఎదురుగా డాక్టరమ్మ ఉంది, పదడుగుల రోడ్డు. ముప్పై ఏళ్ళుగా ఊరంతటినీ దాటించిన ఆ రోడ్డు దాటడానికి ఆయనకు కాళ్ళు రాలేదు.

ఇంట్లో భార్య మాటలు తగ్గించేసింది. అడిగితే జవాబు, లేకపోతే గిన్నెల చప్పుడు. తమ్ముడి గురించి ఒక్క మాటా అనలేదు. అంటే ఈయన ఏదో ఒకటి చెప్పుకునేవాడు. బుధవారం సాయంత్రం తమ్ముడే కొట్టుకు వచ్చాడు. వెల్డింగు మంటకు కందిన ముఖం, వేళ్ళకు నల్లమరకలు. బల్ల మీద మోచేతులు ఆనించి కాసేపు సానరాయి తిరగడం చూశాడు. వచ్చే ఆదివారం తనను పక్కన కూర్చోబెడతామని కోచ్ చెప్పాడట. దాని గురించి రాలేదన్నాడు.

"బావా, నేను వరసలోనే ఉన్నా. నీకూ తెలుసు. నువ్వు ఒక్కసారి జెండా సగం ఎత్తి ఆగావు."

అద్దాలాయన మిషన్ ఆపాడు. "ఫోటోలో చార చూశావా," అన్నాడు.

"చూశా. చార సంగతి కాదు, నువ్వేం చూశావో చెప్పు. నువ్వు దాటానంటే దాటినట్టే, ఇంక నోరెత్తను."

ఆ నమ్మకం ఆయనకు ముల్లులా గుచ్చుకుంది. రేపు చెబుతానని పంపించేశాడు.

గురువారం పొద్దున్నే ఫ్రేములకు కట్టే నైలాన్ దారం ఉండొకటి జేబులో వేసుకుని ఆయన మైదానానికి వెళ్ళాడు. మంచు ఇంకా ఆరలేదు. అంచుగీత దగ్గర, ఆదివారం నిలబడ్డచోటనే నిలబడి చూశాడు. చార వంకరగానే ఉంది. ఎడమకన్ను మూసి చూశాడు, వంకర. కుడికన్ను మూసి చూశాడు, అంతే వంకర. రెండు కళ్ళూ ఒకే రోజు, ఒకే కొలతలో చెడ్డాయా అన్న అనుమానం మొదటిసారి అప్పుడు కలిగింది. అన్నేళ్ళుగా జత అద్దాలు చేసినవాడికి తెలుసు, ఏ మనిషికీ రెండు కళ్ళు అచ్చం ఒకేలా ఉండవు.

కొలవడం మొదలుపెట్టాడు. గోలుగీత నుంచి చార అంచు దాకా ఇటుపక్క పన్నెండు అడుగులు నడిచాడు. అటుపక్కకు పోయి అడుగులు వేస్తే పద్నాలుగు వచ్చాయి. మళ్ళీ వేశాడు, పద్నాలుగే. నమ్మబుద్ధి కాక దారం లాగి ముళ్ళు వేసి చూశాడు. దారానికి కళ్ళుండవు, జబ్బులుండవు. అదీ రెండు అడుగుల తేడా ఉందని చెప్పింది.

గడ్డి కోసే ముసలాయన సైకిలు దిగుతూ, పొద్దున్నే దారాలు పట్టుకుని ఈయనేం చేస్తున్నాడోనని దగ్గరికొచ్చాడు. సంగతి విని తల గోక్కున్నాడు.

"మిషన్‌కి ఎడమ చక్రం విరిగింది బాబూ. అదే సైజు దొరకలేదు, కొంచెం చిన్నది వేశారు. అప్పట్నుంచి ఒక పక్కకి లాగుతోంది."

మొదటి చార పక్కకు పోతే మిగిలినవన్నీ దాని వెంటే పోతాయి కదా అన్నాడు. చివర మిగిలిన మూలముక్కను రెండుసార్లు కోసి కలిపేశాడట. ఎన్నాళ్ళయిందని అద్దాలాయన అడిగాడు.

"మూడు వారాలు. ఆడేవాళ్ళు గడ్డి చూస్తారా ఏంటి?"

అద్దాలాయన ఆ తడిగడ్డి మీదే చతికిలబడి నవ్వడం మొదలెట్టాడు. నవ్వుతుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ముసలాయన కంగారుపడి, అంత తప్పయిపోయిందా అని అడిగాడు. తప్పు కాదు తాతా, ఇంత మంచి మాట ఈమధ్య నేను వినలేదని ఈయన అతని చేతులు పట్టుకున్నాడు.

అక్కణ్ణుంచి నేరుగా డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాడు. భయం ఉన్నన్నాళ్ళూ దాటలేని రోడ్డును భయం పోయాక ఒక్క అంగలో దాటాడు. మనిషి తీరే అంత. ఆవిడ చుక్కల మందు వేసి, రెండు కళ్ళూ తీరిగ్గా చూసి, కంటి వెనక పొర శుభ్రంగా ఉందంది. ఏడాదికోసారైనా రమ్మని, ఎదురుగా ఉండి ముప్పై ఏళ్ళకు వచ్చినందుకు నాలుగు చీవాట్లు పెట్టింది. ఆ చీవాట్లు కూడా ఆయనకు తియ్యగానే ఉన్నాయి.

సాయంత్రం మందు ప్రభావం దిగాక కొట్లో సభకు ఆయనే నోరు విప్పాడు.

"నా జెండా తప్పు. వాడు వరసలోనే ఉన్నాడు. అది గోలే."

మాస్టారు ఫోటో తీయబోయాడు. అద్దాలాయన ముళ్ళువేసిన దారాన్ని బల్లమీద పరిచి చక్రం కథ చెప్పాడు. మాస్టారు దారం వైపు, ఫోటో వైపు మార్చి మార్చి చూసి, లెక్క సరిగ్గానే వేశాను, సున్నే తప్పుచోట పెట్టానన్నాడు. కండక్టరు ఆ మాటను నాలుగుసార్లు అనిపించుకుని ఆనందించాడు. ఈ మూడు వారాల జెండాలన్నీ మళ్ళీ విచారించాలని ఒకడు, ముందు గడ్డికి కళ్ళజోడు చేయించాలని ఇంకొకడు. ఆట ఫలితం మారదు, రిఫరీ ఊదిన ఈల వెనక్కి పోదు. అయినా కండక్టరు ఆ సంగతి కోచ్ చెవిన వేయడానికి అప్పుడే లేచాడు. పదకొండు ఆటల లెక్క పదకొండు దగ్గరే ఆగిందని, పన్నెండో ఆటకు గోలు ఉందని ఊరి నోట పడితే చాలు, మిగతాది కోచ్ చూసుకుంటాడని అతని నమ్మకం.

బావమరిది మూల నిలబడి అంతా విన్నాడు. వెళ్ళేటప్పుడు మాత్రం, "మరి నీ కన్ను సరిగ్గానే చూస్తే చారను ఎందుకు నమ్మావు బావా," అని అడిగాడు. ఈయన నాన్న సంగతి చెప్పాడు. అతను గోడమీది ఫ్రేము ఒకటి తీసి, తిప్పి చూసి, మళ్ళీ తగిలించాడు. తర్వాత, ఇకనుంచి అనుమానమొస్తే గడ్డిని అడగొద్దని, తనను అడగమని, తను ఎప్పుడూ వరసలోనే ఉంటానని అన్నాడు. అది కూడా నమ్మదగిన కొలత కాదని అద్దాలాయన నవ్వాడు.

ఇంటికెళ్ళేసరికి వార్త ఆయనకంటే ముందే చేరింది. భార్య గుమ్మంలోకి వచ్చింది. ఆయన లోపలికి రాకుండా వాకిట్లోనే నిలబడి, తల ఎత్తి, మూడు వారాల తర్వాత ద్వారబంధాన్ని కిందినుంచి పైదాకా చూస్తున్నాడు. ఎడమకన్ను మూసి ఒకసారి, కుడికన్ను మూసి ఒకసారి.

"ఏంటండీ అలా చూస్తున్నారు?"

"నిటారుగా ఉంది."

"ఇల్లు కట్టిన రోజు నుంచీ అలాగే ఉంది," అంది ఆవిడ. పక్కకు తప్పుకుని దారి ఇచ్చింది. "రండి, మా తమ్ముడు కూడా వస్తానన్నాడు. ముగ్గురం కలిసి తిందాం."