కీ అక్కర్లేని వాచీ

నాయన వాచీ తోలుపట్టీని ముక్కు దగ్గర పెట్టుకుంటే ఈనాటికీ చెమట వాసన, దాని అడుగున రొయ్యల నీచు, ఇంకా అడుగున పులికాట్ సరస్సు ఉప్పుగాలి తగులుతాయి. మొన్న ఉదయం ఆ వాచీలో సెకండ్ల ముల్లు కుంటడం మొదలుపెట్టింది. ఒక్కో గీతా దాటాల్సింది, నాలుగు గీతలు ఒక్కసారే దూకి, నిలబడి, మళ్ళీ దూకుతోంది. సెల్లు అయిపోవస్తోందని చెప్పడానికే అలా తయారుచేస్తారని నాకు తెలుసు. తెలిసీ దాన్ని గబుక్కున చెవికి ఆనించుకున్నాను. వాచీ ఆగితే వణికిపోయే ఇంట్లో పుట్టినదాన్ని మరి, ఏం చేయను!

మా ఇల్లు రేణిగుంటలో. నాయన పులికాట్ ఒడ్డు పల్లెలకు పోయి రొయ్యలు కొని, ఐసు పెట్టెల్లో వ్యానుకెత్తి తిరుపతికి తెచ్చేవాడు. పడవలెక్కి దిగే పని కాబట్టి, ఉప్పునీళ్ళు పడితే పాడవుతుందని, పోయేముందు చేతివాచీ విప్పి తన అమ్మకు, అంటే మా అవ్వకు ఇచ్చేవాడు. తెల్లారి అవ్వ స్నానం చేసి, తడిజుట్టు ముడేసుకుని, పొయ్యి రాజేయకముందే తూర్పుకు తిరిగి నిలబడి ఆ వాచీకి కీ ఇచ్చేది. కరకరమంటూ బిగిసేదాకా తిప్పి, నా చెవి దగ్గర పెట్టేది. లోపల చుట్టుకున్న సన్నటి ఉక్కు పట్టీ మెల్లగా విప్పుకుంటూ పళ్ళచక్రాలను తిప్పుతుంటే, ఒక బుల్లి చక్రం అటూ ఇటూ ఊగుతూ వాటిని అదుపు చేసేది. టికటికటికటికమని తెరిపి లేని చప్పుడు. ఒక్కరోజు మరిచిపోతే మర్నాటికి ఆగిపోయేది.

మరవడం మా ఇంట్లో జరిగే పని కాదు. మా తాత పోయిన పొద్దు ఆయన వాచీ ఆగిపోయిందట. "మనిషి యాడుండినా ఆయుసు దీంట్లో ఉంటాది పాపా. ఇది ఆడతా ఉంటే వాడు బాగుండాడని" అనేది అవ్వ. ఆ ఏడుపుల్లో తాత వాచీకి కీ ఎవరిచ్చి ఉంటారని అడిగే వయసు నాకు లేదు. నాయన సరస్సు మీదికి పోయిన రోజుల్లో నేను అచ్చనగాయలు ఆడుతున్నా, అమ్మ సంకటి కెలుకుతున్నా, ఒక చెవి మాత్రం గూట్లో ఉన్న వాచీ వైపే ఉండేది.

ఒక దీపావళికి, ఇల్లంతా ఓళిగల నెయ్యి వాసనతో, తడిసిన టపాకాయల పొగతో నిండి ఉండగా నాయన కొత్త వాచీ తెచ్చాడు. "ఇది క్వార్ట్జు మా. కీ ఇచ్చే పనిలే. సెల్లుతో నడస్తాది" అని మురిసిపోయాడు. సెల్లులోంచి వచ్చే కరెంటుకు లోపలి గోరంత స్ఫటికపు ముక్క సెకనుకు వేలసార్లు అదురుతుందనీ, ఆ అదురులను లెక్కపెట్టే చిన్న సర్క్యూటు సెకనుకొకసారి ముల్లును ముందుకు తోస్తుందనీ, అందుకే పాత వాచీ ఒక్కరోజులో తప్పినంత ఇది నెలకు కూడా తప్పదనీ నాకు పెద్దయ్యాకగాని తెలియలేదు. అవ్వ దాన్ని చెవి దగ్గర పెట్టుకుని మొహం మాడ్చుకుంది.

"ఏమిరా ఇది, ఆగి ఆగి కొట్టుకుంటాది? ఆయాసం వచ్చినోడి మాదిరి!"

నాయన పగలబడి నవ్వి, దాన్ని ఆమె చేతిలోనే పెట్టి, పులికాట్‌కు పోయాడు.

ఆ మధ్యాహ్నమే వాన పట్టుకుంది. వాయుగుండమనీ, సరస్సు మీదికి ఎవరూ పోవద్దనీ రేడియో చెప్పింది, కానీ చెప్పేటప్పటికే నాయన పోయి ఉన్నాడు. తెల్లారి అవ్వ ఎప్పటిలాగే స్నానం చేసి తూర్పుకు తిరిగింది. కీ ఇచ్చే పనిలేదన్న మాట ఆమె చెవికెక్కితే కదా! తిప్పింది. పాతదానికి ఉన్నట్టే దీనికీ పక్కనున్న కీ బుడిపె వేళ్ళ మధ్య ఊరికే తిరిగిందేగాని బిగియలేదు. "పట్టు దొరకలేదే" అని గోరుతో కాస్త బయటికి లాగింది. సెకండ్ల ముల్లు ఆగిపోయింది.

"ఓయమ్మా, ఆగిపాయనే!"

ఆ అరుపుకు నా చేతిలోని రాళ్ళు చెల్లాచెదురయ్యాయి. అమ్మ పిండిచేతులతో పరుగెత్తుకొచ్చి వాచీని విదిలించింది, తట్టింది, చెవికి ఆనించుకుంది. చప్పుడు లేదు. "ఏం గాదత్తా, ఏం గాదు" అంటూనే గోడకు ఆనుకుని కూలబడింది. ఆ రోజు మా పొయ్యి వెలగలేదు. అవ్వ ఏడవను కూడా ఏడవక, వాచీని గుప్పిట్లో పెట్టుకుని వాకిలి వైపు చూస్తూ కూర్చుంది. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. చూరునీళ్ళు పడుతుంటే నాకు పడవ మునుగుతున్న చప్పుడే వినిపించింది. మా నాయన చచ్చిపోయాడని నేను నిజంగానే నమ్మాను. అమ్మ కొంగు నోట్లో కుక్కుకున్నాను.

పొద్దు వాలే వేళకు వాకిట్లో, నిలువునా తడిసి, మోకాళ్ళదాకా బురదతో నాయన! రోడ్డు మీద నీళ్ళు పారుతుంటే వ్యాను అక్కడే వదిలి, దొరికిన లారీ ఎక్కి వచ్చాడు. సంగతి విని, అవ్వ గుప్పిట విప్పి, బొటనవేలితో కీని లోపలికి నొక్కాడు. ముల్లు కదిలింది. "లాగితే ఆగిపోతాది మా. టైము మార్చేదానికి అది." అవ్వ అతని వీపు మీద రెండు దెబ్బలేసి, అప్పుడు భోరుమంది. నాయన వాచీని మళ్ళీ ఆమె చేతిలో పెట్టాడు. "సరేలే, లాగొద్దు, ఊరికే తిప్పు" అన్నాడు. బతికినన్నాళ్ళూ అవ్వ అలాగే తిప్పింది. ఆమె పోయాక నాయన దాన్ని చేతికే పెట్టుకుని పులికాట్‌కు పోయేవాడు.

పోయినేడు ఆసుపత్రిలో, నాయన పోయారని చెప్పి, నర్సు ఆ వాచీని నా చేతిలో పెట్టింది. ముల్లు ఆడుతోంది. నేను ఆమె వెనకాలే పరుగెత్తి, "సూడమ్మా, ఆడతా ఉండాది, నాయన్ను ఇంకోసారి సరిగ్గా సూడండి" అని చెయ్యి పట్టుకున్నాను. ఆమె నన్ను బెంచీ మీద కూర్చోబెట్టింది.

ఇప్పుడు అవ్వ లేదు, తెల్లారి వాచీకి కీ ఇచ్చే ఇల్లు మా వీధిలో ఒక్కటీ లేదు. నిన్న తిరుపతిలో సెల్లు మార్పించాను. "ఇంక శానా రోజులు దీని జోలికి పోయే పనిలేదక్కా" అన్నాడు కొట్టతను. ఈ ఉదయం స్నానం చేసి, పొయ్యి వెలిగించకముందు, తూర్పుకు తిరిగి నిలబడి, లాగకుండా దాని కీ తిప్పాను. పట్టు దొరకలేదు.