అర్థంలో పడిన అక్కయ్య

అచ్చాఫీసులో ఆవిడని అందరూ అక్కయ్య అనేవాళ్ళు, ఆవిడకన్నా పెద్దవాడైన యజమానితో సహా. ఆవిడ పని చదవటం. రచయిత రాసిచ్చిన కాపీని ఆవిడ పైకి చదువుతుంటే, ఎదురుగా కూర్చున్న ప్రూఫ్ రీడరు అచ్చు కాగితం మీద వేలు నడిపిస్తూ తప్పులు పట్టేవాడు. అక్షరాలే కాదు, మధ్యనున్న చుక్కలూ తోకలూ కూడా నోటితో చెప్పాలి. "రాజు లేచాడు కామా మంత్రి నిలబడ్డాడు ఫుల్‌స్టాప్ పేరా" అంటూ సాగిపోవాలి. ఒకరి ముఖం ఒకరు చూసుకునే పనే లేదు. చేరిన కొత్తలో ఏదో కథ దగ్గర ఆవిడ గొంతు కాస్త వణికితే ప్రూఫ్ రీడరు మందలించాడు. "అర్థంలో పడకమ్మా. అర్థంలో పడితే అక్షరం జారిపోతుంది." ఆ తరవాత చావు కబురైనా, పెళ్ళి పిలుపైనా ఆవిడ గొంతుకి ఒకటే.

అలాంటావిడకి రిటైరయ్యాక నాటకాల పిచ్చి బయటపడింది. ఆ జబ్బు లోపల ఎప్పటినుంచో ఉన్నదే.

"ఈ వయసులో ముఖానికి రంగేమిటి వదినా, నలుగురూ నవ్వరూ?" అని ఆడపడుచు బుగ్గలు నొక్కుకుంది.

"ఇన్నాళ్ళూ చేతులకి సిరా అంటింది. ఇప్పుడు ముఖానికి రంగంటితే నీకేం మంట? నవ్వటానికే కదా వాళ్ళు టిక్కెట్టు కొనేది!"

ఫర్నిచర్ దుకాణం మీది హాల్లో నాటకాల వాళ్ళు ఇంటావిడ వేషానికి మనిషిని వెతుకుతున్నారని తెలిసి, అక్కయ్య మెట్లెక్కింది. అద్దెకున్న కుర్రాడు చెప్పాపెట్టకుండా పెట్టె సర్దుకుంటుంటే ఇంటావిడ వచ్చి నిలదీసే ఘట్టం. డైరెక్టరు కాగితం చేతికిచ్చాడు. అక్కయ్య అందుకుంది.

"ఎక్కడికి ప్రయాణం ప్రశ్న నాకు చెప్పకుండానే కామా..."

హాలు గొల్లుమంది. కుర్రాడి వేషం వేసే బ్యాంకు ఉద్యోగి పెట్టె మీదే కూలబడ్డాడు. అక్కయ్య నాలిక కరుచుకుని మళ్ళీ మొదలెట్టింది. మళ్ళీ "ప్రశ్న" పడింది.

డైరెక్టరు కళ్ళు తుడుచుకుంటూ, "గొంతు బంగారంలా ఉందమ్మా. కానీ ఈ కామాలతో నా నాటకం కొంప మునుగుతుంది. ఆదివారం మళ్ళీ రండి. అప్పటికీ పోకపోతే ఈవిడకి ఇచ్చేస్తాను" అన్నాడు. ఈవిడంటే కిటికీ పక్కన కూర్చున్న రిటైర్డు హెడ్మిస్ట్రెస్సు. గంటలాంటి గొంతు, ఆ గంటకి తగ్గ ధీమా.

ఇంట్లో ఆ కుర్రాడి వేషం మొగుడికి పడింది. బస్సు డిపోలో మెకానిక్కుగా చేసి రిటైరైన మనిషి, చేతిలో ఏదో ఒక పనిముట్టు లేనిదే ఊరుకోలేడు. గరిటె పట్టుకుని, కామా వినబడ్డప్పుడల్లా కంచం మీద టంగుమనిపించాడు. వంటిల్లు కంచర దుకాణమైంది.

"నవ్వకండి. నా ప్రాణం పోతోందిక్కడ."

"నవ్వక ఏం చెయ్యనే? పెళ్ళయిన దగ్గర్నుంచీ నీ మాటల్లో ఒక్క కామా కోసం వెతుక్కున్నాను. ఇప్పుడు బుట్టల కొద్దీ వస్తున్నాయి!"

నవ్వుతూనే ఆయన ఇంకోటి కనిపెట్టాడు. "ఇంజనులో చప్పుడొస్తే అది పుట్టే చోటు చూడాలి. నువ్వు నన్ను చూసి మాట్లాడటం లేదు, కాగితాన్ని చూస్తున్నావు. ఇలా తే." కాగితం లాక్కుని జేబులో పెట్టుకున్నాడు. "ఊఁ, ఇప్పుడడుగు. నేను వెళ్ళిపోతున్నాను."

ఆవిడ ఆయన ముఖంలోకి చూసింది. "నాకు చెప్పకుండానే వెళ్ళిపోదామనుకున్నావా? నేనంత పరాయిదాన్నా?"

గరిటె గాల్లోనే ఆగిపోయింది. "ఒసేయ్, నేనెక్కడికీ పోనే!" అన్నాడు కంగారుగా. అక్కయ్యకి ఒళ్ళంతా జలదరించింది. అర్థంలో పడటమంటే ఇదా! ఇంత బావుంటుందా!

ఆదివారం ఖాళీ చేతుల్తో వెళ్ళింది. తలుపు తోసుకుని లోపలికొచ్చి, కుర్రాణ్ణి నిలదీసింది. ఒక్క చుక్కా తోకా రాలేదు. ఊపు మీద సాగిపోతూ, సగంలో ఠక్కున ఆగిపోయింది. తరవాతి మాట గుర్తు లేదు. కిటికీ దగ్గర హెడ్మిస్ట్రెస్సు కళ్ళజోడు సవరించుకుంది. ఎదురుగా కుర్రాడి ముఖం వాడిపోయి ఉంది.

"కనీసం తిన్నావా?" అంది అక్కయ్య.

అది నాటకంలో లేదు. కుర్రాడు తడబడి, "లేదండీ" అన్నాడు నిజంగానే. పెట్టె మూత చేతిలోంచి జారి దభీమని మూసుకుంది. హాల్లో ఎవరూ నవ్వలేదు.

"ఆ మాట నేను రాయలేదే?" అన్నాడు డైరెక్టరు.

అక్కయ్య రెండు చెంపలూ వేసుకుంది. పుట్టిన దగ్గర్నుంచీ కాపీలో లేని ముక్క ఒక్కటీ చదవని మనిషి! "తప్పేనండీ. నోరు జారింది."

"తప్పా! కలం, కలం ఇవ్వండెవరైనా!" డైరెక్టరు కాగితం అంచున గబగబా రాసుకుంటున్నాడు. "వేషం మీదే. ఈ ఊపు పోకముందే ఇంకోసారి చేద్దాం. అబ్బాయ్, ఆ మూత అలాగే పడెయ్యాలి!"

హెడ్మిస్ట్రెస్సు లేచొచ్చింది. "నేనైతే ముందు వాడి చెవి మెలిపెట్టేదాన్ని" అని గొణిగి, అక్కయ్య భుజం పట్టి తలుపువైపు తిప్పింది. "నిలబడిపోయారేం? మీరు బయట్నుంచి కదా రావాలి, నడవండి!"

అక్కయ్య పరుగులాంటి నడకతో బయటికెళ్ళి, చీర కుచ్చిళ్ళు సర్దుకుని, ఈసారి ఏం వస్తుందో తనకే తెలియని నోటితో, తలుపు తోసింది.