నీళ్ల గొట్టం మేస్త్రి

వలసొచ్చి మేముండే కామాఠిపురా చాలీలో, ఆ ఒంటిగదుల వరుసలో, మా పక్క ఖోలీ మేస్త్రిదీ మాలాగే పాలమూరే. నాగ్‌పాడాలో లేస్తున్న బిల్డింగులో నీళ్ల గొట్టంతో లెవల్ చూసేవాడు; ఊగడం ఆగాక గొట్టం రెండు కొనల్లోనూ నీళ్లు ఒకే ఎత్తున నిలుస్తాయి. ఒక కొన ఆయన పట్టుకుంటే రెండో కొన నేను పట్టుకునేదాన్ని. "నీళ్లు ఆగినయా బిడ్డా?" అని అడిగి, నేను ఆగినయన్నాకే స్తంభం మీద గుర్తు పెట్టేవాడు.

ఒకరోజు నాకు జ్వరం. చేతులు వణుకుతుంటే, నీళ్లు ఇంకా ఊగుతుండగానే ఆగినయన్నాను.

సాయంత్రం ఇంజనీరు కొత్తగా తెచ్చిన లేజర్ యంత్రాన్ని మూడు కాళ్ల మీద నిలబెట్టాడు. దాని తల గిర్రున తిరుగుతూ చుట్టూ ఒకే ఎత్తున ఎర్ర గీత వేసింది. గీతను మొదటి స్తంభం గుర్తుకు కలిపి చూస్తే, ఆ రోజు పెట్టిన మా గుర్తులు దానికి రెండు వేళ్లు కిందికున్నాయి. యంత్రాన్ని ఇటు తిప్పి మళ్లీ చూశాడు. గీత అక్కడే పడింది.

"ఎవరి తప్పిది?" అని హిందీలో అరిచాడు.

నేను నోరు తెరిచేలోపే మేస్త్రి ముందుకొచ్చాడు. "నాదే సాబ్. కండ్లు కనబడ్తలేవు."

ఆయన కళ్లకేమీ కాలేదు. కానీ ఆ మాట అన్ని సైట్లకూ పాకింది, లెవల్ పని ఎవరూ ఇవ్వలేదు. ఇసుక తట్టలు మోశాడు. ఆ వానాకాలమే తట్టతో పరంజా మీంచి జారిపడి చనిపోయాడు.

"కండ్లు కనబడకనే పడ్డడు బిడ్డా" అని ఆయన భార్య నన్ను పట్టుకుని ఏడ్చింది. నేను తలూపాను.